ముందు ప్లగ్గు పీకాలి

ఆయన్ని చుట్టుపక్కల వీధులన్నీ ప్లగ్గాయన అంటాయి. వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. ఫోనెత్తితే హలో అనడు, బాగున్నారా అనడు, “ప్లగ్గు పీకారా?” అంటాడు. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి ప్లగ్గు తీయకుండా మెషీన్లో చెయ్యి పెట్టి, షాక్ కొట్టి అవతలి గోడకు పోయి పడ్డాడు. ఆనాటి నుంచీ లోకంలో ఏ పనికైనా ఆయనకు మొదటి మెట్టు ఒకటే: ముందు కనెక్షన్ తెంచు, తర్వాతే చెయ్యి పెట్టు. ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

బాగుచేసిన ప్రతి మెషీన్ మూత లోపలా తన నంబరున్న స్టిక్కర్ అంటిస్తాడు. నీళ్ళు పడ్డా, సబ్బు పడ్డా ఊడని రకం ఏరికోరి చేయించుకున్నాడు. ఆయన షాపుకి బోర్డు లేదు. ఆ నంబరే బోర్డు. ఎవరింట్లో మెషీన్ మొరాయించినా మూతెత్తితే చాలు, ప్లగ్గాయన దొరుకుతాడు.

షాపు మాత్రం మెట్లు దిగి వెళ్ళాల్సిన నేలకింది గది. పాత డ్రమ్ములు, తెగిన బెల్టులు, తడి వాసన. అక్కడ సిగ్నల్ రాదు. వచ్చినా ఏడిచినట్టు ఒక్క గీత వస్తుంది, నోరు తెరిచేలోపు అదీ పోతుంది. అందుకని తన పాత బటన్ ఫోన్‌ని సబ్బుపెట్టెలో పెట్టి మెట్ల పైన కమ్మీకి వేలాడదీశాడు. మోగినప్పుడల్లా చేతిలోది పడేసి పరుగు. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ, ఫోన్ కంపెనీకి చీమ కుట్టినట్టయినా లేదు. ఎన్నిసార్లు మొత్తుకున్నా “మీ ఏరియాలో సిగ్నల్ చాలా బాగుంది సార్” అనేవాళ్ళు. ఎక్కడమ్మా బాగుంది, నీ కంప్యూటర్లోనా?

చివరికి కంపెనీ మార్చేద్దామనుకున్నాడు గానీ, ప్లాను గడువు ఇంకా బోలెడుంది. మధ్యలో వదిలేస్తే జరిమానా. “కడతాను, పీడ విరగడైతే అంతే చాలు” అన్నాడు.

ఫోన్ కవర్లు అమ్మే బావమరిది మాత్రం చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. “బావా, పాతవాళ్ళతో రద్దు అన్నమాట ఎత్తకు. వాళ్ళ దగ్గర బదిలీ కోడ్ తీసుకుని కొత్త కంపెనీ చేతిలో పెట్టు. నంబరు దానంతటదే వచ్చేస్తుంది, పాతది దానంతటదే పోతుంది.”

“నువ్వు ఊరుకోరా. కరెంటు ఉండగానే లోపల చెయ్యి పెట్టమంటావా?”

బావమరిది సలహా వినడం ఆయన వంశంలోనే లేదు. పైగా ఆయన లెక్క ఆయనకుంది: కనెక్షన్ అంటే ప్లగ్గు, నంబరు అంటే మెషీన్. ప్లగ్గు పీకితే మెషీన్ ఎక్కడికి పోతుంది?

పాత కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకటి నొక్కమంది, నొక్కాడు. నాలుగు నొక్కమంది, నొక్కాడు. చెవి వాచేదాకా సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది. “కనెక్షన్ పూర్తిగా రద్దు చేయమంటారా సార్?”

“మొదలంటా పీకెయ్ తల్లీ.”

అన్నాళ్ళ ఫిర్యాదులకు కదలనివాళ్ళు ఈ ఒక్క మాటకు మాత్రం చిటికెలో కదిలారు!

మర్నాడు పొద్దున్నే దర్జాగా కొత్త కంపెనీ షాపుకి వెళ్ళాడు. కౌంటర్ అతను చాలాసేపు తెర వంక చూసి తల గోక్కున్నాడు. “మీ నంబరు రద్దులో ఉంది సార్. బతికున్న నంబరునే మార్చగలం. ఈ సాయంత్రం అది ఆగిపోతే ఇక మా చేతుల్లో ఏమీ లేదు.”

ప్లగ్గాయన అక్కడికక్కడే పాత కంపెనీకి చేశాడు. మళ్ళీ ఒకటి, మళ్ళీ నాలుగు, మళ్ళీ ఆ దిక్కుమాలిన సంగీతం. “రద్దు వెనక్కి తీసుకోవచ్చు సార్. వేరే విభాగంవాళ్ళు మీ నంబరుకే ఫోన్ చేస్తారు, మీరు ఎత్తి అవును అనాలి.”

“ఇప్పుడు మాట్లాడుతున్నది నేనే కదమ్మా! అవును, అవును, అవును! రాసుకో!”

“అది మా విభాగం కాదు సార్. ఒక్కసారే చేస్తారు, దయచేసి మిస్ అవకండి.”

ఒళ్ళు మండిపోయింది. అయినా ఏం చేస్తాడు? షాపుకి తాళం వేసి, పై మెట్టు మీద ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు తాగడానిక్కూడా లేవలేదు. భార్య అన్నం డబ్బా తెచ్చి, “ఏమండీ, అలా గుడ్లప్పగించి చూస్తే మోగుతుందా?” అంది. ఆయన కసిరాడు. ఆమె డబ్బా పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

ఎండ తగ్గాక మోగింది. ఎత్తి, “అవును!” అని అరిచాడు.

“నాయనా, నేను, మూడో అంతస్తు టీచరమ్మని. మెషీన్లోంచి నీళ్ళు పొంగి వంటగదంతా నిండాయి. కింద ప్లగ్గు దగ్గర చిటపటమంటోంది. పీకెయ్యనా?”

“వద్దు! ప్లగ్గు ముట్టుకోకండి!” జన్మలో మొదటిసారి ఆ మాట అన్నాడు. “నీళ్ళలో కాలు పెట్టకండి. మెయిన్ స్విచ్ ఎక్కడుంది?”

“గుమ్మం పైన. నాకందదు.”

“ఎండిన కర్ర ఏదైనా ఉందా? చీపురు కర్ర? తెచ్చుకోండి. లైన్లోనే ఉంటాను.”

సరిగ్గా అప్పుడు చెవిలో ఇంకో పిలుపు టిక్కుటిక్కుమంది. తెర చూశాడు. కంపెనీ. “ఒక్క నిమిషం టీచరమ్మా” అంటే సరిపోతుంది. కానీ అవతల ఆవిడ చెప్పులు టపటపలాడిస్తూ ఎటు నడుస్తోందో, ఎక్కడ అడుగేస్తోందో. “కింద చూసి నడవండి... తడి లేదుగా? ఇప్పుడు కర్రతో స్విచ్‌ని కిందికి నొక్కండి... ఇంకాస్త...”

టిక్కుటిక్కు ఆగిపోయింది.

“ఆగింది నాయనా, ఇల్లంతా కరెంటు పోయింది” అంది టీచరమ్మ.

వెంటనే కంపెనీకి చేశాడు. ఒకటి. నాలుగు. సంగీతం. వింటుండగానే సంగీతం పుటుక్కున తెగింది. మెట్ల పైన, ఆకాశం కింద, తెర మీద ఒక్క గీత కూడా లేదు. “మీ నోట్లో మన్ను పడ!” అని ఫోన్‌ని తిట్టాడు, కంపెనీని తిట్టాడు, చివరికి తనను తానే తిట్టుకున్నాడు. సంచీ తీసుకుని టీచరమ్మ ఇంటికి నడిచాడు.

నీళ్ళ గొట్టం ఊడింది, అంతే. బిగించి, నేల తుడిచి, ప్లగ్గు మార్చి, కరెంటు వేశాడు. టీచరమ్మ మెషీన్ మూతెత్తి స్టిక్కర్ మీద చెయ్యి వేసింది. “ఇది ఉండబట్టి బతికాను నాయనా. ఎప్పుడు చేసినా పలుకుతావు.”

ఆయన గోరుతో స్టిక్కర్ గోకడం మొదలెట్టాడు. రాలేదు. స్క్రూడ్రైవర్‌తో గోకాడు. రాలేదు.

“అదేంటయ్యా, దాన్నెందుకు పీకుతున్నావు?”

“ఆ నంబరు చచ్చిపోయింది టీచరమ్మా. మీతో మాట్లాడిందే ఆఖరు.”

ఆవిడ మొహం పాలిపోయింది. “అయితే నేను ఇంకాసేపు ఆగి చేసుంటే?”

ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. జేబులోంచి మార్కర్ తీసి, స్టిక్కర్ మీద అంకెలన్నీ కొట్టేసి, కింద భార్య నంబరు రాశాడు.

“సరే, నాకు రాశావు. మిగతావాళ్ళకో?”

మార్కర్ మూత పెట్టబోతున్న చెయ్యి ఆగిపోయింది. ఎవరి ఇళ్ళు, ఏ వీధులు? ఆయన ఏనాడూ గుర్తుపెట్టుకోలేదు, ఎవరి నంబరూ దాచుకోలేదు. అవసరమైతే వాళ్ళే పిలుస్తారుగా అనుకున్నాడు. ఏ వంటగదిలో నీళ్ళు పొంగినా మూతెత్తి ఆ నంబరుకే చేస్తారు, అటునుంచి ఎవరూ పలకరు. ఆ స్టిక్కర్లేమో చచ్చినా ఊడవు.

ప్లగ్గాయన తడి నేల మీదే చతికిలబడ్డాడు. “వాళ్ళకి ఎలా చెప్పను టీచరమ్మా?” అన్నాడు.