తెల్లపంచెకు అంటని నేల

పోయిన నెలలో మా మామ పోయారని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను చిత్తూరులో, పుట్టింట్లో ఉన్నాను. పొద్దున మగ్గాల కింద ఊడ్చి, కాళ్లు కడుక్కొని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి ఇక లేవలేదట. నేనూ మా నాయనా దొరికిన బస్సెక్కి నగరికి బయలుదేరాం. పుత్తూరు దాటాక, "మీ మామ నా చేత గూడా గోనె పట్టించినాడు పాపా" అని నాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సంగతి చెప్పాలి. మా అత్తగారిల్లంటే సగం ఇల్లు, సగం మరమగ్గాలు. మగ్గం ఆడినంతసేపూ నూలు పీచు లేస్తూనే ఉంటుంది. రంగును బట్టి ఓ రోజు నీలం, ఓ రోజు ఎరుపు. గోడ మీద, మంచం మీద, మూత పెట్టని కూర మీద వాలుతుంది. కొత్తకోడలిగా మొదటి పొద్దున లేచి చూస్తే ఊడ్చే పొరక మామ చేతిలో ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. పోయి లాక్కోబోయాను.

"ఇది నా పనిమ్మా. నీదేందో మీ అత్తనడుగు" అన్నారు.

అత్తకు వంట, మా ఆయనకు నీళ్లూ గిన్నెలూ, నాకు బట్టలూ ముగ్గూ. "ఇల్లు అందరం తొక్కతాం. ఊడ్సేదానికి మాత్రం ఒకరేనా?" అనేవారు మామ. ఊడ్చాక ఉతికిన తెల్లపంచె కట్టుకొని నేల మీద చతికిలబడేవారు. లేచి, వెనక్కి తిరిగి, "సూడండి, అంటిందా?" అని అడిగేవారు. ఒక్క పోగు అంటినా మళ్లీ మొదటినుంచి ఊడ్చేవారు. అత్త మాత్రం వంటింట్లోంచి, చూడకుండానే, "అంటలేదు, తినేదానికి రా" అనేది.

పెళ్లయిన కొత్తలో నాయన నన్ను చూడడానికి వచ్చాడు. తాగిన చెంబు కూడా తీసి పెట్టే మనిషి కాదు. వియ్యంకుడి చేతిలో పొరక చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"సిగ్గు లేదా పాపా? మామ ఊడస్తా ఉంటే సూస్తా నిలబడుకోనుండావే!"

ఆ రోషంతో, మామ అటు తిరగగానే పొరక అందుకొని, మగ్గాలు ఆడుతుండగానే, నేల తడపకుండా ఊడ్చేశాను. నేసేవాళ్లింట్లో ఎవరూ చేయని పని. పీచంతా ఒక్కసారిగా లేచి నాయన మీసాల మీదా, ఆయన ముందున్న ఇడ్లీ సాంబారు మీదా దిగింది.

మామ మగ్గాలు ఆపి, గోనెసంచి తడిపి, పిండి, నేల మీద పరిచారు. "బావా, ఆ మూల పట్టుకో" అన్నారు. కాదనలేక నాయన వంగి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఈ గోడ నుంచి ఆ గోడకు లాగితే పీచంతా సంచికి అంటుకొని వచ్చేసింది.

తర్వాత వారం అమ్మ ఫోన్ చేసి, "మీ నాయనకు ఏం మందు పెట్టినారే ఆడ? తినిన తట్ట తానే కడుక్కుంటా ఉండాడు!" అంది.

మామ కర్మలు అయిన రోజు, మా ఆయన మేనత్త గోడకు వేలాడుతున్న పొరకను చూపించింది. "ఇంగ అది కోడలికిచ్చేయండి. మొగోళ్లు ఊడ్సే కత మా అన్నతో పోయింది" అంది. అత్త ఏడుస్తోంది. మా ఆయన తల వంచుకున్నాడు. మామ లేరన్న దుఃఖం ఒకటి, ఆయన పద్ధతి కూడా ఆయనతోనే పోతుందేమోనన్న భయం ఒకటి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మగ్గాలు మళ్లీ ఆడాయి. మధ్యాహ్నానికి నేలంతా నీలం పీచు. నేను పొరక కోసం లేచేసరికి మగ్గాలు ఆగిపోయాయి. చూస్తే మా ఆయన గోనెసంచి పిండుతున్నాడు. కర్మలకని వచ్చి ఆగిన నాయన పంచె ఎగగట్టి, "అల్లుడా, నువ్వు ఆ మూల పట్టుకో" అంటున్నాడు. మేనత్త కాళ్లు మంచం మీదికి పెట్టుకుంది.

అయిపోయాక నాయన నేల మీద కూర్చున్నాడు. మోకాళ్లు పట్టుకొని లేచి, నా వైపు వీపు తిప్పాడు.

"సూడు పాపా, అంటిందా?"

తెల్లపంచె మీద ఒక నీలం పోగు కనిపించింది.

"అంటింది నాయనా" అన్నాను.

ఇద్దరూ మళ్లీ గోనె తడపడానికి తొట్టి దగ్గరికి వెళ్లారు.