ఆట చూడని డాక్టరమ్మ

రియాద్ శివార్లలోని రగ్బీ స్టేడియంలో డాక్టర్ పద్మజకు ఒక కుర్చీ ఉంది. మైదానం అంచు గీతకు ఇవతల, అంబులెన్సు నీడలో. ఏడాదిగా పోటీలున్న ప్రతి శుక్రవారం ఆమె డ్యూటీ ఆ కుర్చీలోనే. ఆట మాత్రం ఒక్కరోజూ చూడలేదు. ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి క్రికెట్టే అంతంతమాత్రం. ఇదేమో బంతిని ముందుకు తీసుకెళ్లాలట, చేత్తో మాత్రం వెనక్కే విసరాలట.

"కబడ్డీలో బంతి ఏసినట్టుండాది మేడమ్," అని తేల్చేశాడు కడప నుంచి వచ్చిన అంబులెన్సు డ్రైవర్ ఇమ్రాన్.

"సరే, నువ్వు చూస్తూ ఉండు. నేను మా అక్కతో మాట్లాడుకుంటా," అని ఆమె ఫోను తీసేది.

ఆ శుక్రవారం రియాద్‌కూ తాయిఫ్‌కూ పోటీ. జాతీయ జట్టుకు ఆటగాళ్లను ఏరేది ఈ మైదానంలోనే కాబట్టి, ఎంపిక చేసేవాళ్లు పై వరసలో కూర్చున్నారు. తాయిఫ్ కెప్టెన్ మాజిద్‌కు ముప్ఫై దాటాయి. ఈసారి కాకపోతే ఇక పిలుపు రాదు. ఆటకు ముందు పద్మజ చేత భుజానికి పట్టీ వేయించుకుని, "దక్తూరా, ఇవాళ మళ్లీ మీ దగ్గరికి రానులెండి," అని నవ్వి వెళ్లాడు.

రెండో సగంలో వచ్చాడు. ఇద్దరు కలిసి పడేస్తే తల నేలకు కొట్టుకుంది. తలకు దెబ్బ తగిలితే డాక్టరు కొన్ని ప్రశ్నలు అడగాలి. మళ్లీ ఆడనివ్వాలా వద్దా అన్నదానిపై డాక్టరుదే తుది మాట.

"ఇది ఏ ఊరు?"

"రియాద్."

"ఎన్నో సగం?"

"రెండోది."

"చివరి పాయింట్లు ఎవరు తెచ్చారు?"

"మేమే. మా పదో నంబరు."

టక్కున చెప్పాడు. చిక్కేమిటంటే, అది ఒప్పో తప్పో పద్మజకు తెలియదు.

"ఒప్పే!" అన్నాడు తాయిఫ్ కోచ్.

"కాదు, మావాళ్లే!" అని అవతలి నుంచి రియాద్ కోచ్ అరిచాడు.

ఇద్దరినీ నమ్మడానికి లేదు. పద్మజ ఇమ్రాన్ వైపు తిరిగింది.

"లాస్టు ఎవరు కొట్టారయ్యా?"

"నేను టీకి పొయ్యింటి మేడమ్!"

"చూస్తూ ఉండమన్నానుగా!"

"మీరు ఈడనే ఉండారు గదా, మీరు చూడల్యా?"

ఆమె మళ్లీ మాజిద్ వైపు తిరిగింది. తనకు తెలిసిందే అడుగుదామనుకుంది.

"మాజిద్, ఆ పట్టీ ఎవరు వేశారు?"

అతను భుజం వంక కొత్తగా చూసుకున్నాడు. "మావాళ్లెవరో..."

"నేను వేశాను."

"మీరా? ఎప్పుడు?"

పద్మజ కోచ్ వైపు చూసి, "ఇతను ఇక ఆడడు," అంది.

"పది నిమిషాలే దక్తూరా! పైన వాళ్లు కూర్చుని ఉన్నారు!"

"ఉంటే ఉండనివ్వండి."

మాజిద్ నోరు పారేసుకున్నాడు. ఆరేళ్లుగా ఈ రోజు కోసం చూస్తున్నాననీ, మీకేం తెలుసనీ అరిచాడు.

"తిట్టుకో. కూర్చుని తిట్టుకో," అని పద్మజ అతన్ని కుర్చీలోకి నెట్టింది.

అతను లేకుండానే ఆడి తాయిఫ్ ఓడింది. ఎంపిక చేసేవాళ్లు కాగితాలు సర్దుకుని లేచారు. తాయిఫ్ వాళ్లెవరూ ఆమె ముఖం చూడలేదు.

"అందురూ మన మీద గుర్రుగా ఉండారు మేడమ్," అన్నాడు ఇమ్రాన్.

"నువ్వు బండి తియ్యి."

ఆస్పత్రికి వెళ్లే దారిలో, అంబులెన్సులో మాజిద్ కోపమంతా దిగిపోయింది. వెల్లకిలా పడుకుని ఆమె వైపు చూసి మర్యాదగా అడిగాడు.

"దక్తూరా, ఆట ఎన్నింటికి మొదలు?"

ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి.

"ఇంకా టైముంది," అంది పద్మజ. "కళ్లు మూసుకో."