పడవలు కదలని రోజు

మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో లెక్కల టీచర్ని. రోజూ బడికి బయలుదేరే ముందు నెల్లూరు దగ్గర మా ఊరు మైపాడులో ఉన్న అక్కకు ఫోన్ చేస్తాను. ఆ వేళకి ఆమె చేపలు కొనడానికి ఒడ్డున నిలబడి ఉంటుంది. ఆమె మాటల వెనక మర పడవల మోత వినబడుతుంది.

ఆ రోజు మోత లేదు.

"ఒడ్డుకి పోలేదా అక్కా?"

"ఈపొద్దు పడవలు పోలేదురా."

"ఏం, తుఫానా?"



"మర్చిపోయినావా? ఊళ్లో ఎవరన్నా చనిపోతే వేటకి పోరు గదరా. రాత్రి చిన్నాన్న పోయినాడు."

నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని మొదటిసారి అలల్లోకి తీసుకెళ్లింది ఆయనే. జాలరి ఇంట్లో పుట్టినవాడు అడగాల్సిన ప్రశ్నేనా అది? నా మీద నాకే అసహ్యం వేసింది.

సెలవు అడగొచ్చు. చిన్నాన్న కోసం ఇవ్వరులే అని నాకు నేనే చెప్పుకున్నాను, అడగలేదు. వేటకు పోతే తప్ప పొయ్యి వెలగని ఇళ్లవాళ్లు కూడా ఆయన కోసం ఆ రోజు పడవలు దించలేదు. నేను మాత్రం ఐదు పీరియడ్లూ పాఠం చెప్పాను.