మూడుసార్లు చెప్తేగాని వినని సదానందం

సదానందానికి ఏ మాటైనా మూడుసార్లు చెప్పాలి. మొదటిసారి కనుబొమలు ముడుస్తాడు. రెండోసారి చెవి దగ్గర చెయ్యి పెడతాడు. మూడోసారి, వాడ మొత్తం విన్నాక, తీరిగ్గా "గట్లనా" అంటాడు.

దీన్ని సిరిసిల్లలో ఎవరూ వింతగా చూడలేదు. మరమగ్గాలను ఆ వాడలో సాంచాలంటారు. ఆయన జీవితమంతా వాటి మధ్యే గడిచింది. ఆ చప్పుడులో చెవులు పోకపోతే ఆశ్చర్యపడాలి గాని, పోతే ఆశ్చర్యమేముంది? ఆ వాడలో మొగుడూ పెళ్లాలు గుసగుసలాడుకున్నా పక్క సందులో వాళ్లు సలహా ఇచ్చేంత గట్టిగా ఉంటుంది. అలాంటి చోట కూడా సదానందం చెవి పేరు తెచ్చుకుంది. తమ కూతురికి సంబంధం వచ్చిన సంగతి ఎవరో ఆయనకు రహస్యంగా చెప్పబోయారు. సాయంత్రానికి వంటల మేస్త్రీ బేరానికి వచ్చి కూర్చున్నాడు. ఊరంతా చాటాలంటే మైకు కట్టించడం దండగ, సదానందానికి రహస్యం చెప్తే చాలని నవ్వుకునేవాళ్లు.

ఎదురింట్లో బీడీలు చుడుతూ డిగ్రీ చదువుకునే నవనీతకు మాత్రం ఆ చెవి మీద ఒక అనుమానం ఉండేది. ఒకరోజు యాదవ్వ వచ్చి, దుబాయిలో ఉన్న కొడుకు ఫోన్ చేయడం లేదని ఆయన దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన "ఏమంటివి?" అన్నాడు. రెండోసారి చెప్పేటప్పటికి ఆమెకు ఏడుపు పోయి కోపం వచ్చింది. మూడోసారి అరిచి చెప్తుంటే, "మొన్ననే చేసిండు గదనే" అని పక్కింటావిడ గోడ మీంచి గుర్తు చేసింది. యాదవ్వ నవ్వుతూ ఇంటికి పోయింది. ఆ కొడుకే సెలవు మీద వస్తున్నాడని తెలిసిన రోజు ఆమె మెట్లెక్కుతూ గొణిగితే చాలు, సదానందం "ఎప్పుడు?" అని లేచి నిలబడ్డాడు.

మంచి వార్త ఒక్కసారికే వినబడే చెవికి కష్టం ఎందుకు మూడుసార్లు చెప్పాల్సి వస్తోంది? బీడీల చాట ముందు నవనీత ఎంత ఆలోచించినా ఇది తేలలేదు.

ఇంతలో బట్టల ఆర్డర్లు ఆగిపోయాయి. ఒక్కొక్కటిగా సాంచాలన్నీ బందయ్యాయి. చప్పుడు లేని వాడలో మనుషులు తమ గొంతులు తామే విని ఉలిక్కిపడి, మాట్లాడటం తగ్గించారు. నవనీత బాపు పర్శరాములు పూర్తిగా మానేశాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, తాళం వేసిన సాంచాల షెడ్డు వైపు చూసేవాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. అవతలి వాడలో ఒకాయన ఎవరికీ ఏమీ చెప్పకుండానే ప్రాణం తీసుకున్నాడని తెలిసినప్పటి నుంచి, నవనీత గాని ఆమె తల్లి జమున గాని ఆయన్ను ఒంటరిగా వదలలేదు.

సదానందం రోజూ వచ్చి ఆ అరుగు మీదే కూర్చోవడం మొదలుపెట్టాడు. పర్శరాములు నోరు మెదపలేదు. అయినా ఈయన చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏమంటివి?" అనేవాడు. పర్శరాములు తల అడ్డంగా ఊపేవాడు.

"జర గట్టిగ చెప్పు. సాంచాల సప్పుడుల వినవడ్తలేదు."

సాంచాలే నడుస్తలేవు గదా అని దారినపోయే యాదవ్వ గుర్తు చేసింది. ఆయన ఆమెను కూడా మూడుసార్లు చెప్పమన్నాడు. బాపును ఎగతాళి చేస్తున్నాడని నవనీతకు ఒళ్లు మండింది. రేపటి నుంచి రావద్దని చెప్పేద్దామని లేచింది. సరిగ్గా అప్పుడే ఆయన మళ్లీ "ఏమంటివి?" అన్నాడు.

"నేనేమన్లే కాకా" అన్నాడు పర్శరాములు.

ఎన్నో రోజులకు విన్న ఆ గొంతుకు వంటింట్లో జమున చేతిలో గిన్నె జారింది.

"ఏందీ?"

"ఏమన్లే అంటున్న. ఏమనాలె? చేతులు ఖాళీగున్నయి. సప్పుడు లేక నిద్ర వస్తలేదు. భయమైతుంది."

సదానందం చెవి దగ్గర చెయ్యి తీయలేదు.

"భయమైతుందే కాకా" అని పర్శరాములు వాడ అదిరేలా అరిచాడు. రెండిళ్ల అవతల ఓంప్రకాశ్ తలుపు తెరుచుకుంది. "నాకూ అయితుందే అన్నా" అన్నాడతను, గడప మీద నిలబడి. ఇంకెవరో దగ్గారు. మూడోసారి చెప్పబోతూ పర్శరాములు, భయాన్ని ఇంత గట్టిగా అరుస్తున్నందుకు తనకే నవ్వొచ్చి ఆగిపోయాడు. నవ్వుతూనే తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"గట్లనా" అన్నాడు సదానందం. "రేపు ముగ్గురం దవాఖానకు పోదం. నిద్ర సంగతి డాక్టరుకు చెప్తివంటే ఒక్కపారికే వింటడు."

లోపల జమున చాయ్ పెడుతూ, చక్కెర అడుగంటిందని కూతురి చెవిలో చెప్పింది.

"నాకు సక్కర లేకున్నా నడుస్తది" అని అరుగు మీంచి వినబడింది. "పర్శరాములుకెయ్యి."

తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవనీత గ్లాసు అందిస్తూ, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది. "తాతా, నీకు అంతా వినవడ్తది గదా?"

సదానందం కనుబొమలు ముడిచాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "ఏమంటివి బిడ్డా? జర గట్టిగ చెప్పు."

అంటే గుట్టు బయటపడటం తాతకు కష్టంగానే తగిలిందన్నమాట అనుకుంది నవనీత. ఇంకా మెల్లగా అంది.

"ఏమన్లే తాతా."

అది మాత్రం ఆయనకు ఒక్కసారికే వినబడింది.