క్రేన్ కింది అంపైర్

నాకు ముక్కు మీదే కోపం. ఖతార్‌లోని మెసయీద్‌లో శుక్రవారం పొద్దున మేం ఆడే క్రికెట్‌లో ఆ కోపమంతా అంపైర్ మీద చూపించేవాణ్ణి. అవుటిస్తే గుడ్డివాడని, ఇవ్వకపోతే అవతలివాళ్ళకి అమ్ముడుపోయాడని అనేవాణ్ణి. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఆరు చిన్న నట్లు దగ్గరుంచుకుని, బంతికొకటి చొప్పున ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చుకుంటూ నిలబడేవాడు.

ఆయనది జగిత్యాల వైపు పల్లె. మా కంపెనీయే, మా క్యాంపే. వారమంతా క్రేన్ దగ్గర సిగ్నల్ డ్యూటీ. పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటర్‌కు కింద బరువు ఎక్కడ దిగుతోందో కనబడదు, ఈయన చేతి సైగలే అతనికి కళ్ళు. ఆ దిగేచోట నిలబడి పైపులు అందుకునే ఫిట్టర్ని నేను. శుక్రవారం మాత్రం ఆయన తెల్లటోపీ పెట్టుకుని అంపైరయ్యేవాడు. డ్యూటీ అయ్యాక కూర్చుని రూల్సు చదివి, పరీక్ష పాసయిన అసలు సిసలు అంపైరు. పోటీలప్పుడు దోహా నుంచి కూడా పిలుపులొచ్చేవి.

ఆ పనిలో ఎంత ప్రమాదముందో ఆడేవాళ్ళకు పట్టదు. బ్యాట్స్‌మన్‌కు ప్యాడ్లున్నాయి, హెల్మెట్ ఉంది. వాడికి ఎదురుగా అవతలి వికెట్ల వెనక నిలబడ్డవాడికి టోపీ ఒక్కటే. బంతి తగిలి ఆయన ముందుపన్ను ఒకటి సగం విరిగింది. ఎడమచేతి చిటికెనవేలు పూర్తిగా ముడుచుకోదు. మేం వంతులవారీగా నీడకు పోతాం, ఆయన రెండు ఇన్నింగ్సూ ఎండలోనే. "దుబాయ్‌కి పని చేస్తానికి పోయినవా, దెబ్బలు తింటానికి పోయినవా?" అని, గల్ఫంతా దుబాయే అనుకునే భార్య ఫోన్లో తిడితే పకపకా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకింకా ఒళ్ళు మండేది.

ఆయనకు అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలింది నా చేతుల మీదుగానే. పోయిన చలికాలం సెమీఫైనల్లో నేరుగా బలంకొద్దీ బాదాను. ఆయన తప్పుకునేలోపే బంతి ఎడమకంటి పక్కన తగిలింది. కూలబడ్డాడు. బ్యాటు పారేసి పరిగెత్తుకెళ్ళాను. ముఖం మీంచి చెయ్యి తియ్యకుండానే, "క్రీజ్‌లకు పో తమ్మీ. బాల్ ఇంక డెడ్ గాలే, రనౌట్ అయితవ్" అన్నాడు.

క్లినిక్‌లో చుక్కలమందు ఇచ్చి, రెండ్రోజులు రెస్ట్ రాసి, చూపుకేం ఫరవాలేదన్నారు. వాపు తగ్గాక మళ్ళీ క్రేన్ దగ్గరికి వచ్చాడు. నాకు మాత్రం ఆ వారమంతా అన్నం సయించలేదు. కంట్లో తేడా ఉందని తేలితే సిగ్నల్ పని పోతుంది. యాభై దాటినవాడికి ఇంకో పని ఎవరిస్తారు, టికెట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. అలా పోయినవాళ్ళను చూశాను.

తర్వాతి శుక్రవారమే ఫైనల్. అవతలి జట్టు కెప్టెన్ మా సైట్ ఇన్‌చార్జి. ఆఖరి ఓవర్లో బ్యాటింగ్ ఇన్‌చార్జిదే, బౌలింగ్ నాది, నా పక్కన అంపైర్ ఆయనే, దెబ్బ తగిలిన రోజు నుంచి నేను అన్నా అని పిలుస్తున్న మనిషి. నాలుగో బంతి ఇన్‌చార్జి ప్యాడ్‌కు తగిలింది. నేను గొంతు చించుకుని అరిచాను. అన్న కదల్లేదు. తిట్టడానికే దగ్గరికెళ్ళాను.

"కనబడలే తమ్మీ," అన్నాడు మెల్లగా. "ఎడమ దిక్కుకు రాంగనే బాల్ మాయమైంది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మ్యాచ్ గంగలో కలవనీ అనుకున్నాను. "అన్నా, చూడకపోతే నాటౌటే కదా రూలు. తలూపెయ్యి, ఎవరికీ తెలీదు. ఇన్‌చార్జి ఇటే చూస్తున్నాడు" అన్నాను.

"ఇయ్యాల బాల్. రేపు పైపు," అన్నాడు. "కింద నువ్వే ఉంటవ్ గద."

నాటౌటని తలూపాడు. ఆ వెంటనే రెండు చేతులూ పక్కలకు చాపి అడ్డంగా ఊపాడు. వైడ్‌కు చేతులు చాపుతారే గాని అలా ఊపడం అంపైర్ల సైగల్లో లేదు. మా సైట్‌లో మాత్రం తెలియనివాడు లేడు. సిగ్నల్‌మన్ అలా ఊపితే ఎత్తిన బరువు ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. మైదానమంతా ఆగిపోయింది. ఇన్‌చార్జి నడుచుకుంటూ వచ్చాడు. తన ఎడమకన్ను సరిగా కనబడటం లేదని అతని ముఖం మీదే హిందీలో చెప్పి, టోపీ తీసి నా చేతిలో పెట్టాడు మా అన్న. నా కళ్ళు తడిసిపోయాయి, సిగ్గుపడలేదు.

వేరే అంపైర్‌తో మ్యాచ్ సాగింది, మేం ఓడిపోయాం. మర్నాడు పెద్దాసుపత్రిలో కంటి లోపలి పొర చిరిగిందన్నారు, లేజర్ చేశారు. ఇన్‌చార్జి టికెట్ కొట్టలేదు. నిజం చెప్పే సిగ్నల్‌మన్ తనకు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడంటూ, కన్ను మానేదాకా మూడు నెలలు టూల్‌రూమ్‌లో కూర్చోబెట్టాడు. ఆ మూడు నెలలూ ఇంకొకరెవరో సైగలు చేశారు. బరువు లేచినప్పుడల్లా నేను మెడ నొప్పెట్టేలా పైకే చూస్తూ నిలబడ్డాను.

కంటి పరీక్ష పాసై ఆయన తిరిగొచ్చిన రోజు మొదటి పైపు లేచింది. నా నెత్తి మీదికి వస్తోందని నీడను బట్టి తెలుస్తూనే ఉంది. నేను తల ఎత్తలేదు. ఆయన చేతులే చూస్తూ నిలబడ్డాను.