అత్తగారు నడిచి చూపించిన పాఠం

బాపట్ల కొత్త జిల్లాగా ఏర్పడిన ఏడాది నన్ను నిజాంపట్నం వైపున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. పొద్దున్నే తెనాలిలో రేపల్లె రైలెక్కి, రేపల్లె నుంచి బస్సులో వెళ్ళేదాన్ని. ఊళ్ళలో తిరిగే ఏఎన్ఎంల పని చూడటం, గర్భిణులకు ఆరోగ్య పాఠాలు చెప్పడం నా విధులు. నా పైన మెడికల్ ఆఫీసరు. ఆవిడ నా కూతురి ఈడు డాక్టరు.

అంతకుముందు షుగరు లేని కొందరికి కడుపుతో ఉన్నప్పుడు వస్తుంది. పట్టించుకోకపోతే బిడ్డ మరీ బరువు పెరిగి కాన్పు కష్టమవుతుంది. పైకి ఏమీ కనిపించదు గనుక మొదటిసారి వచ్చినప్పుడూ, మళ్ళీ ఆరో నెల చివర్లోనూ గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటలాగి రక్తం పరీక్షిస్తాం. పరీక్ష మా చేతిలో పనే. జాగ్రత్త మాత్రం వాళ్ళ వంటింట్లో మొదలవ్వాలి.

నాగమణి మూడో నెలలో మా దగ్గరికి వచ్చింది. మొదటి బిడ్డ నాలుగు కిలోల పైమాటే. ఆ కాన్పులో తల్లీబిడ్డా గండం నుంచి బయటపడ్డారు. ఈసారి మొదటి పరీక్షలో షుగరు లేదని తేలింది గానీ, అంత బరువు బిడ్డను కన్నవాళ్ళకు తర్వాత వచ్చే అవకాశం ఎక్కువ. అత్తగారు వెంకాయమ్మ హార్బరు రోడ్డులో టిఫిన్ హోటల్ నడిపేది. మొదటి కాన్పు భయం ఆవిడను వదల్లేదు. కోడల్ని మంచం దిగనివ్వకుండా ఇద్దరి తిండి పెడుతోంది.

తిన్నాక కాసేపు నడవమని నేను క్లాసులో చెబుతుంటే వెంకాయమ్మ లేచి నిలబడింది.

“కడుపుతో ఉన్న పిల్లని నడిపిస్తారా మేడమ్ గారూ? ఏదన్నా అయితే ఎవరండీ జవాబు చెప్పేది?”

నాగమణిని పరీక్షించాననీ, నడకకు ఇబ్బందేమీ లేదనీ డాక్టరు చెప్పినా ఆవిడ వినలేదు. చివరికి, “నడిస్తే షుగరు తగ్గుద్దంటున్నారుగా? ముందు నాకు గుచ్చి చూపించండి!” అని చెయ్యి చాపింది.

డాక్టరు సరేనంది. ఆ రోజు వెంకాయమ్మ తన హోటలు నుంచే ఇడ్లీలు తెప్పించుకుని తిని, కదలకుండా కూర్చుంది. గంట తర్వాత వేలు గుచ్చి, గ్లూకోమీటరులో వచ్చిన అంకె గోడ మీద రాశాం. మరుసటి వారం అవే ఇడ్లీలు, అదే చట్నీ. ఈసారి తినగానే కొంగు దోపి ఆవరణలో నడక మొదలుపెట్టింది. గర్భిణులంతా వరండాలోకి వచ్చి, “అత్తా, ఆగబాకు!” అంటూ కేకలు. నేను మాత్రం గోడ మీది అంకె వైపే చూస్తున్నాను. ఒక్కోసారి అంకెలు మన మాట వినవు. ఇది తగ్గకపోతే ఆ ఊళ్ళో ఇక నా పాఠం ఎవరూ వినరు.

సరిగ్గా గంటకు మళ్ళీ వేలు గుచ్చాం. రక్తం చుక్క పడింది. మీటరు కూసింది. గోడ మీది అంకె కంటే బాగా తక్కువ! వరండా హోరెత్తిపోయింది. మీటరును రెండుసార్లు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసిన వెంకాయమ్మ కోడలి వైపు తిరిగి, “ఇంకా కూర్చున్నావేంటే, లే!” అంది.

ఆ వారం నుంచే అత్తాకోడళ్ళు తిన్నాక కలిసి నడిచేవారు. ఇడ్లీలు తగ్గి, పప్పు, గుడ్డు, చేప పెరిగాయి. పక్క వీధి సుజాతకు తొలి కాన్పు. తనూ వాళ్ళతో కలిసింది. తర్వాత మరికొందరు.

ఆరో నెల చివర్లో నాగమణికీ సుజాతకూ ఒకే రోజు పరీక్ష చేశాం. నాగమణికి షుగరు లేదు. వెంకాయమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. అంతలో సుజాత ఫలితం వచ్చింది. షుగరు ఉంది.

సుజాత తల వంచుకుంది. “మా పిల్లతో సమానంగా నడిచిందండి. మరి దీనికెందుకొచ్చింది?” అని వెంకాయమ్మ నిలదీసింది.

సుజాత తల్లికి షుగరుందని, కడుపులో బిడ్డతో పాటు పెరిగే మాయ నుంచి వచ్చే హార్మోన్లు కొందరిలో ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయని డాక్టరు వివరించింది. ఇందులో సుజాత తప్పు లేదని నేను ఆ అమ్మాయికే కాదు, అక్కడున్న అందరికీ వినిపించేలా చెప్పాను. సుజాత నడక మానలేదు. అప్పటికే అలవాటైన తిండి, నడకతోనే, ఇన్సులిన్ అవసరం లేకుండా షుగరు అదుపులోకి వచ్చింది. తెనాలిలో మామూలు కాన్పు అయింది, బిడ్డ సరైన బరువు. ఆరు వారాల తర్వాత పరీక్షిస్తే సుజాతకు షుగరు లేదు. నాగమణి రేపల్లెలో ప్రసవించింది. ఫోనులో వెంకాయమ్మ చెప్పిన మొదటి మాట, “మూడు కిలోలేనండీ!”

బాపట్లలో జరిగిన సమీక్షా సమావేశంలో మా నడక సంగతి చెప్పమన్నారు. ఇద్దరి ఫలితాలూ చెప్పాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా గర్భిణుల క్లాసుకు వాళ్ళింట్లో వంట చేసేవాళ్ళను కూడా పిలిచాను. తిండి, నడక సరిగా ఉంటే షుగరు రాదని మాత్రం ఎవరికీ మాటివ్వలేదు. వచ్చే అవకాశం తగ్గుతుందని, వచ్చినా లొంగుతుందని, వచ్చిందో లేదో పరీక్షే చెబుతుందని చెప్పాను.