256 రంగుల పద్ధతిని తీసేయాలా?

2002 జూన్‌లో కొంపల్లిలోని ఒక చిన్న సంస్థలో గ్రాఫిక్స్ డ్రైవర్ల విభాగానికి ప్రధాన ఇంజనీరుగా చేరాను. డ్రైవరంటే ప్రోగ్రాములకూ, తెరపై బొమ్మ చూపే కార్డుకూ మధ్య పనిచేసే సాఫ్ట్‌వేరు. పాత ప్రోగ్రాముల కోసం మా డ్రైవరులో 256 రంగుల పద్ధతి ఒకటి మిగిలి ఉండేది. అందులో తెరమీది ప్రతి చుక్కకూ రంగుకు బదులు ఒక సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్యకు ఏ రంగో ఒక పట్టిక చెబుతుంది. దాన్ని పరీక్షించడానికి ప్రతి విడుదలకూ నాలుగు రోజులు పట్టేది. దాన్ని కొనసాగించాలో తీసేయాలో నేను తేల్చాలి.

ఫిర్యాదుల రిజిస్టరు తిరగేస్తే రెండేళ్లలో దానిపై ఒక్క ఫిర్యాదూ లేదు. వాడేవారు లేరని నిర్ధారించి తొలగింపు పత్రం రాశాను. శుక్రవారానికి సంతకం పెట్టాలి. అయినా మనసు కుదురుగా లేదు. పత్రాన్ని సొరుగులోంచి తీయడం, మళ్లీ లోపల పెట్టడం, ఇదే పని. పరీక్షల విభాగంలోని సుభద్ర, మేడ్చల్‌లో తాను వెళ్లే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణంలో ఆ పద్ధతే నడుస్తోందని చెప్పింది. గురువారం మధ్యాహ్నం, ఆ పద్ధతిని తీసేసిన కొత్త డ్రైవరు సీడీతో, అక్కడ ఏమవుతుందో చూడటానికి ఇద్దరం వెళ్లాం.

యజమాని మల్లేశం అనుమతితో దాన్ని దుకాణం కంప్యూటర్లో ఎక్కించాను. అంతకుముందున్న డ్రైవరు ఏ వెర్షనో రాసుకోలేదు, దాని నకలూ తీసుకోలేదు. ఎంబ్రాయిడరీ ప్రోగ్రాము తెరిచేసరికి తెరమీద దారాల రంగులన్నీ తారుమారయ్యాయి.

"గిదేంది సార్, ఎర్ర దారం పచ్చగ సూపిస్తాంది? పెండ్లోల్లు రేపు పొద్దుగాల జాకెట్లకు వస్తరు. మీరు బాగుజేయనీకి వచ్చిన్రా, ఖరాబు జేయనీకి వచ్చిన్రా?"

ఇంతకాలం మాకెందుకు ఫోన్ చేయలేదని, సందర్భం కాకపోయినా, అడిగాను.

"మంచిగ నడుస్తాంటె ఫోనెందుకు జేస్తం సార్?"

సుభద్రను అక్కడే ఉంచి స్కూటరు మీద కొంపల్లికి తిరిగి వచ్చాను. వెర్షను తెలియదు కనుక మా దగ్గరున్న మూడు పాత డ్రైవర్ల సీడీలూ తీసుకెళ్లాను. మొదటిది కార్డును గుర్తించలేదు. రెండోదానితో తెర నల్లగా ఉండిపోయింది. మల్లేశం వాకిట్లో అటూ ఇటూ తిరగసాగాడు. మూడోదానితో ఎరుపు ఎర్రగా కనిపించింది. అతను యంత్రంలో దారం ఎక్కించుకున్నాడు. మాకు టీ మాత్రం ఇవ్వలేదు.

మర్నాడు తొలగింపు పత్రం చింపి, పద్ధతి కొనసాగాలనీ పరీక్షను ఒక్కరోజుకు కుదించాలనీ మరొకటి రాశాను. ఎంతమంది వాడుతున్నారని డైరెక్టరు అడిగారు. నాకు తెలిసినవాడు ఒక్కడేనని, మిగతావారి సంఖ్య తెలియదని చెప్పాను. ఆయన అయిష్టంగానే ఆమోదించారు.

రిజిస్టరులో ఏమీ లేని చోట 'వాడుక లేదు' అని రాయకూడదనీ, 'తెలియదు' అని రాయాలనీ ఆ వారం నేర్చుకున్నాను. ఆ తరువాత ఏ పద్ధతిని తీసేయాలన్నా ముందు డీలర్లకు ఉత్తరాలు రాయించి, జవాబులు అందాకే పత్రం సిద్ధం చేయించాను.